రెండు గంటల రైలు, మూడు యుగాల నేల

వికారాబాద్‌కు వారాంతపు విహారానికి, తాండూరుకు బండల బేరానికి వెళ్లొచ్చేవాళ్లే ఎక్కువ. అవే ఊళ్లను చదువు కోసం తిరిగితే ఏమేం దొరుకుతాయో చూడండి.

లింగంపల్లి దాటాక రైలు కిటికీలోంచి కనిపించేవి గుండ్రాళ్ల గుట్టలు. ఎవరో పేర్చి వెళ్లినట్టుండే ఆ గ్రానైటు గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. శంకర్‌పల్లి వెనకబడి వికారాబాద్ దగ్గరపడేకొద్దీ గుండ్లు తగ్గిపోతాయి. నేల ఎర్రబారుతుంది, గుట్టల నెత్తి చదునవుతుంది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగి దక్కన్‌ను కప్పేసిన లావా మీదికి వచ్చామన్నమాట. ధారూర్, రుక్మాపూర్ కూడా దాటి తాండూరులో దిగితే కాళ్ల కింద పరిచిన బండలది ఇంకో కథ. 50 కోట్ల ఏళ్లకు ముందెప్పుడో ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున పొర మీద పొర పేరుకుని గట్టిపడ్డ సున్నపురాయి అది.

సికింద్రాబాద్ నుంచి తాండూరుకు రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఆ కాసేపట్లోనే నేల మూడు రకాలుగా మారుతుంది. రోజూ పొద్దున ఇదే దారిలో ఎదురు దిక్కున, హైదరాబాద్ కాలేజీలకు వెళ్లే పిల్లలతో బోగీలు నిండుతాయి. వాళ్లు వదిలి వెళ్తున్న ఊళ్లలో ఎంత చదువుందో వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

విదేశీ విశ్వవిద్యాలయాల్లో ఒక పద్ధతి ఉంది. డిగ్రీలో భాగంగా ఒక సెమిస్టర్ పాటు విద్యార్థిని పరాయి దేశానికి పంపుతారు. ఉదాహరణకు బ్రెజిల్ వెళ్లినవాళ్లు సావ్ పాలో, రియో, సాల్వడార్, ఓరో ప్రెటో అంటూ ఊరూరా తిరుగుతారు. ఒకచోట రేవు, ఒకచోట పాత గని, ఇంకోచోట సంత. చూసింది రాయాలి, అడిగి తెలుసుకున్నది రాయాలి. ఆ రాసినదానికే మార్కులు. ఇంత మంచి పద్ధతికి విమానం టికెట్ తప్పనిసరి కాదు. వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఆ దూరంలోనే రెండు నదుల పుట్టుక, వైద్య చరిత్రలో ఒక అధ్యాయం, భాషల సరిహద్దు, రాతి పరిశ్రమ, దేశం గుర్తించిన ఒక పంట ఉన్నాయి. విద్యార్థి తిరగాల్సిన వరసలో వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

పట్టాల వెంట పెరిగిన ఊరు

చరిత్ర విద్యార్థికి మొదటి పాఠం వికారాబాద్ స్టేషన్‌లోనే మొదలవుతుంది. 1871 నాటికి బొంబాయి నుంచి మద్రాసుకు రాయచూరు మీదుగా రైలు మార్గం కలిసింది. ఆ పట్టాలు నిజాం రాజ్యంలోంచే వెళ్లాయి గానీ రాజధానిని తాకలేదు. సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజుల్లో నిజాం ప్రభుత్వం సొంత ఖర్చుతో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా మార్గం వేయించింది. 1874లో రైళ్లు నడిచాయి. హైదరాబాద్‌ను బొంబాయి మార్కెట్‌తో కలిపిన దారి ఇది. తాండూరు రాయికి, పప్పుకు దూరపు ఊళ్ల గిరాకీ తెచ్చిపెట్టిందీ ఇదే.

వికారాబాద్‌కు ఆ పేరు నవాబ్ వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. పాయిగా వంశానికి చెందిన ఆయన 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ రాజ్యానికి దివాన్. ఫలక్‌నుమా ప్యాలెస్‌ను కట్టించిందీ ఆయనే. తర్వాతి కాలంలో ఇక్కడి నుంచి బీదర్ మీదుగా పర్లి వైపు మరో మార్గం చీలడంతో వికారాబాద్ జంక్షన్ అయింది. ఇప్పుడు గుంటూరు నుంచి వచ్చే పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కు ఇదే ఆఖరి స్టేషన్. కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్లు, బీదర్ వైపు వెళ్లేవాళ్లు, తాండూరు ప్యాసింజర్ కోసం చూసేవాళ్లు ఒకే ప్లాట్‌ఫాం మీద కనిపిస్తారు. 2016 అక్టోబర్ 11న పాత రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి వికారాబాద్ జిల్లా కేంద్రం కూడా అయింది. నవాబు పేరుతో మొదలై, రైలుతో పెరిగి, కలెక్టరేట్‌తో కొత్త పెద్దరికం సంపాదించింది.

రెండు నదుల కొండ

ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో అనంతగిరి. సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తు. కొండ మీద అనంత పద్మనాభస్వామి ఆలయం, పక్కన కోనేరు, చుట్టూ అడవి. మూసీ నది పుట్టుక ఇక్కడే. పురాణం ప్రకారం ముచుకుంద మహర్షి పేరు మీద ఇది ముచుకుందా నది. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని వంతెన దాటేవాళ్లు ఒక్కసారి వానాకాలంలో ఇక్కడికి రావాలి. ఆకుల మీంచి జారి, రాళ్ల సందుల్లోంచి పాయలుగా దిగే ఆ నీళ్లను చూస్తే నదికి మనం ఏం చేశామో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఈ కొండకు నీళ్లెక్కడివి? జవాబు నేల కట్టులో ఉంది. పైన ఉన్నది జేగురు రంగు మట్టి, తొర్రలు తొర్రలుగా ఉండే ఎర్రరాయి. వాన పడితే అందులోకి ఇంకిపోతుంది. కింద ఉన్న లావా రాయి దగ్గరికి వచ్చేసరికి నీళ్లకు దారి దొరకదు. పక్కలకు జరిగి, గుట్ట వాలులో ఎక్కడ సందు దొరికితే అక్కడ ఊట కడతాయి. ఇలాంటి నేలల్లో వానలు వెళ్లిపోయాక కూడా ఊటలు ఆగవు. అనంతగిరి దగ్గరి బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి వెళ్లే భక్తులు ఆ నీళ్లను దేవుడి మహిమగా తలకు చల్లుకుంటారు. భూగర్భశాస్త్రం చదివే విద్యార్థి ఆ నీళ్లనే ఎర్రరాతి చలవగా నోటు పుస్తకంలో రాసుకోవచ్చు. ఇద్దరూ ఒకే ఊట దగ్గర నిలబడి ఉంటారు.

ఇంకో విశేషం మ్యాపు ముందు పెట్టుకుంటేనే అర్థమవుతుంది. ఈ కొండల తూర్పు వాలున పడిన వాన మూసీలో చేరి హైదరాబాద్ మీదుగా నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున పడిన వాన కాగ్నా నదిలోకి వెళ్తుంది. కాగ్నా తాండూరును తాకుతూ కర్ణాటకలోకి ప్రవేశించి భీమలో కలుస్తుంది. భీమ వెళ్లి రాయచూరు వైపు కృష్ణలో చేరుతుంది. ఒకే కొండ మీద రెండు పక్కలకు విడిపోయిన చినుకులు వందల కిలోమీటర్లు తిరిగి చివరికి ఒకే నదిలో కలుస్తున్నాయి. పరీవాహక ప్రాంతం అంటే ఏమిటో తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు తెలంగాణలో దొరకడం కష్టం.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదను ఎగువనే పట్టి ఉంచే పని మొదలైంది. 1920లో మూసీ మీద గండిపేట, 1927లో ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నూరేళ్లుగా హైదరాబాద్ తాగిన గండిపేట నీళ్లు ఈ కొండలవే. అందుకే అనంతగిరిలో చెట్టు పోయినా, వాగు పూడినా అది వికారాబాద్ సొంత వ్యవహారం అనుకోవడానికి వీల్లేదు. శని, ఆదివారాల్లో కొండ మీద మిగిలిపోయే ప్లాస్టిక్ సీసాలు, విస్తర్లు వానకు కొట్టుకుపోయే దారి మన ఇళ్ల వైపే.

గాలినే మందుగా ఇచ్చిన ఆసుపత్రి

వైద్య విద్యార్థులు అనంతగిరిలో ఆగాల్సిన చోటు క్షయ ఆసుపత్రి. నిజాం కాలంలో ఇక్కడ శానిటోరియం పెట్టారు. క్షయకు మందు లేని రోజులవి. ఎత్తయిన చోట మంచి గాలి, ఎండ, బలమైన తిండి, నెలల తరబడి విశ్రాంతి. ప్రపంచమంతా వైద్యులు ఇవ్వగలిగింది అంతే. ఊరికి దూరంగా, అడవి మధ్యలో, గాలి ధారాళంగా ఆడేచోట మంచాలు వేయడం వెనక ఉన్న ఆలోచన ఇదే. తెలంగాణ పల్లెల్లో ఒక తరం వాళ్లకు అనంతగిరి అంటే గుడి ఎంత గుర్తో, టీబీ దవాఖానా అంతే గుర్తు.

1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చాక పరిస్థితి మారింది. తర్వాతి మలుపు మన పొరుగునే, మద్రాసులో వచ్చింది. 1956లో అక్కడ మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం రోగులను రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టుకు శానిటోరియంలో, ఇంకో జట్టుకు ఇళ్ల దగ్గరే, అవే మందులతో వైద్యం చేసింది. ఇరుకు ఇళ్లలో, అంతంతమాత్రం తిండితో ఉన్నవాళ్లకు కూడా మందులు సక్రమంగా వాడితే శానిటోరియం రోగులకు దీటుగా నయమైందని 1959లో ఫలితాలు ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా క్షయ వైద్యం కొండలు దిగి ఇంటి గడపకు చేరింది ఆ పరిశోధన వల్లే.

వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. క్షయ గురించి పుస్తకంలో చదివే ఆ పిల్లలకు, మందు రాకముందు మనిషి ఈ జబ్బుతో ఎలా పోరాడాడో చూపించే చోటు కూతవేటు దూరంలో ఉంది. పాత ఆసుపత్రుల రికార్డులను, కట్టడాలను, అక్కడ పనిచేసి రిటైరైనవాళ్ల జ్ఞాపకాలను ఒకచోట చేర్చే పనికి ఆ కళాశాల విద్యార్థులకన్నా తగినవాళ్లు లేరు.

ఇదే జిల్లాలో భౌతికశాస్త్రం విద్యార్థికీ, పర్యావరణ విద్యార్థికీ ఒకేచోట పని ఉంది. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రమిది. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలో కొద్ది దూరంలోనే అణగారిపోతాయి. పదుల కిలోమీటర్ల పొడవుండే అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు కొన్ని మీటర్ల లోతుకైనా దిగుతాయి. తమిళనాడులోని తిరునెల్వేలి తర్వాత దేశంలో ఇలాంటి కేంద్రం ఇది రెండోది. ఇందుకు సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి కేటాయించారు. చెట్లు, వాగులు, అక్కడి రామలింగేశ్వరుడి గుడి, పశువుల మేత ఏమవుతాయని స్థానికులు, పర్యావరణవేత్తలు ఆందోళన చేశారు. రెండు వైపుల వాదనల్లోనూ బరువుంది. దేశ రక్షణకూ నది పుట్టే అడవికీ మధ్య లెక్క ఎలా తేల్చాలన్నది సివిక్స్ పాఠంలో దొరకని ప్రశ్న. దాన్ని దామగుండం చుట్టుపక్కల ఊళ్లలో అడిగి తెలుసుకోవాలి.

గుల్బర్గా నుంచి వచ్చిన తాలూకా

వికారాబాద్ నుంచి తాండూరు వైపు సాగితే ముందు ధారూర్. ఏటా నవంబర్‌లో ఇక్కడ మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగుతుంది. కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కూడా కుటుంబాలు వస్తాయి. చెట్ల కింద గుడారాలు వేసుకుని, అక్కడే వండుకుని రోజుల తరబడి ఉంటాయి. పేరుకు క్రైస్తవ ఉత్సవం, తీరు అచ్చంగా తెలంగాణ జాతర. సామాజికశాస్త్రం చదివేవాళ్లు తప్పక చూడాలి.

తాండూరులో దిగగానే చెవికి తేడా తెలుస్తుంది. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసే వినిపిస్తాయి. ఇందుకు కారణం చరిత్రలో ఉంది. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నన్నాళ్లు తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు గుల్బర్గా మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. ఈ రెండు తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. కొడంగల్‌ను మహబూబ్‌నగర్‌కు, తాండూరును హైదరాబాద్ జిల్లాకు ఇచ్చారు. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడితే తాండూరు అందులోకి, 2016లో వికారాబాద్‌లోకి మారింది. మధ్యలో రాష్ట్రం కూడా తెలంగాణ అయింది. ఈ ఊళ్లో ఎనభై దాటిన పెద్దమనిషి ఇల్లు కదలకుండానే మూడు రాష్ట్రాల్లో, నాలుగు జిల్లాల్లో బతికాడు.

హద్దు గీసినా బంధుత్వాలు తెగలేదు. వియ్యాలు సేడం, చించోళి వైపు సాగుతూనే ఉన్నాయి. తాండూరు నడిబొడ్డున ఉన్న భావిగి భద్రేశ్వరస్వామి గుడి మూలం బీదర్ జిల్లా భావిగిలో ఉంది. జాతరకు రథం కదిలితే రెండు రాష్ట్రాల భక్తులూ కనిపిస్తారు. తెలుగు, కన్నడ సాహిత్య విద్యార్థి ఇంకాస్త ముందుకు, రైల్లో సేడం దాటి మల్ఖేడ్ దాకా వెళ్లాలి. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం అదే. అమోఘవర్షుడు ఏలిన ఆ కోట తాండూరు మీదుగా పారే కాగ్నా ఒడ్డునే ఉంది.

సముద్రం పరిచిన బండలు

తెలంగాణలో పాత ఇళ్ల గచ్చు, అరుగు, వంటింటి గట్టు, బడి వరండా, బస్టాండు నేల ఎక్కువగా నాపరాయితో వేసినవే. అందులో పెద్ద వాటా తాండూరుదీ, హద్దు అవతలి షాబాద్‌దీ. రెండూ భీమా నదీ ప్రాంతపు సున్నపురాయి కుటుంబానివే. నీలి ఛాయ బండకు ఒక ధర, పసుపు ఛాయ బండకు ఒక ధర. ఎండాకాలం మధ్యాహ్నం ఒట్టి నేల మీద పడుకుని చల్లదనం అనుభవించిన ప్రతి తెలుగువాడి వీపుకూ ఈ రాయి తెలుసు.

ఈ రాయి ప్రత్యేకత దాని పొరలు. నిశ్చలమైన నీటి అడుగున సన్నని సున్నపు మడ్డి నెమ్మదిగా పేరుకుంది. మధ్య మధ్య కొంచెం బంకమన్ను పొర. ఆ బంకమన్ను ఉన్నచోట రాయి తనంతట తాను విడుతుంది. గనిలో గోడను చూస్తే బీరువాలో మడతపెట్టిన దుప్పట్లలా బండలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. గ్రానైటును పలకలుగా కోయాలంటే రంపాలు, బోలెడు కరెంటు కావాలి. ఇక్కడ ఒకప్పుడు గడ్డపార, సుత్తి, ఉలి చాలేవి. ఇప్పుడు గనిలో కోత యంత్రాలు గళ్లు గీస్తాయి. కూలీలు పొరను లేపి పక్కకు చేరుస్తారు. అక్కడి నుంచి పాలిషింగ్ యూనిట్లు, లారీలు, గూడ్సు బండ్లు.

గనులు ఉన్న తాండూరు, బషీరాబాద్ మండలాల్లో ఈ పని వేల కుటుంబాలకు కూడు పెడుతోంది. దాని ధర కూడా ఆ ఊళ్లే చెల్లిస్తున్నాయి. పనికిరాని రాతి ముక్కలు రోడ్ల పక్కన గుట్టలవుతున్నాయి. పాలిషింగ్ నుంచి వచ్చే తెల్లటి బురద ఎండి దుమ్ముగా లేస్తుంది. వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. ఏళ్లపాటు రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల మాట సరేసరి. పైగా నిగనిగలాడే టైల్స్ వచ్చి కొత్త ఇళ్లలో నాపరాయి చోటును లాక్కున్నాయి.

ఇదే సున్నపురాయి సిమెంటుకూ ముడిసరుకు. రాయిని బంకమన్నుతో కలిపి 1,450 డిగ్రీల దగ్గర కాల్చితే క్లింకర్. దాన్ని జిప్సంతో కలిపి పొడి చేస్తే సిమెంట్. ప్రభుత్వ రంగంలోని సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1980లలో తాండూరు దగ్గర కరన్‌కోట్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఆ సంస్థ యూనిట్లు ఆదిలాబాద్‌తో సహా చాలాచోట్ల మూతపడ్డాయి. నడుస్తున్న మూడింటిలో తాండూరు ఒకటి, మిగతావి అస్సాంలోని బొకాజాన్, హిమాచల్‌లోని రాజ్‌బన్. ప్రైవేటు రంగంలో ఇక్కడ ఫ్యాక్టరీలున్న పెన్నా, ఇండియా సిమెంట్స్ రెండూ 2024లో చేతులు మారాయి. మొదటిది అంబుజాకు, రెండోది అల్ట్రాటెక్‌కు వెళ్లాయి. కామర్స్ విద్యార్థికి కంపెనీల విలీనం అంటే ఏమిటో ఇక్కడి గేట్ల మీద మారిన బోర్డులే చెబుతాయి.

నల్లరేగడి పండించిన పేరు

2022 డిసెంబర్‌లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. వెన్నుదన్నుగా నిలిచింది తాండూరులోని వ్యవసాయ పరిశోధన స్థానం, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. మట్టి చేతుల రైతులు, ప్రయోగశాల శాస్త్రవేత్తలు కలిసి కూర్చుని తమ పంట ఎందుకు ప్రత్యేకమో కాగితం మీద రుజువు చేశారు. నా దృష్టిలో ఈ జిల్లా ఇటీవలి చరిత్రలో ఇంతకన్నా గొప్ప చదువు లేదు.

ఆ రుజువులో ముఖ్యమైన మాట నేల. తాండూరు చుట్టూ లోతైన నల్లరేగడి, దాని అడుగున సున్నపురాయి. ఆ మట్టిలో అట్టపుల్గైట్ అనే బంకమన్ను ఖనిజం ఎక్కువ. ఇలాంటి నేల వాన వెళ్లిపోయాక కూడా తడిని పట్టి ఉంచుతుంది. జూన్, జూలైలో వేసిన కంది లోతుకు వేరు దించుకుని, చలికాలం దాకా ఆ తడి మీదే బతుకుతుంది. ఇక్కడి పప్పులో మాంసకృత్తులు 22 నుంచి 24 శాతం. త్వరగా ఉడుకుతుందని, రుచి ఎక్కువని, నిల్వకు తట్టుకుంటుందని పేరు. కిందనున్న రాయే ఇంటికి గచ్చు, పైనున్న మట్టే కంచంలోకి పప్పు. గుల్బర్గా కందిపప్పుకు కర్ణాటక 2019లోనే గుర్తింపు తెచ్చుకుంది. రాష్ట్రాల హద్దు మారినా నేల మారలేదనడానికి ఈ రెండు గుర్తింపులే సాక్ష్యం.

పంట వెనకున్న విజ్ఞానం కూడా దగ్గరిదే. మొక్కను నిలువునా వాడ్చే ఎండు తెగులు, పూత రాకుండా చేసే వెర్రి తెగులు కంది రైతుకు పాత శత్రువులు. వాటిని తట్టుకునే 'ఆశ' రకాన్ని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అందించింది. ఆ ఆశ రకం జన్యుపటాన్నే ఇక్రిశాట్ నాయకత్వంలో శాస్త్రవేత్తలు 2011లో చదివి ప్రపంచానికి ఇచ్చారు. తాండూరు పరిశోధన స్థానం నుంచి 'హనుమ' వంటి రకాలు వచ్చాయి. డిసెంబర్, జనవరిలో తాండూరు మార్కెట్ యార్డుకు వెళ్తే ఈ ప్రయాణమంతా బస్తాల రూపంలో కనిపిస్తుంది. యార్డులో వేలం, పక్కన పప్పు మిల్లులు. రైతుకు పలికిన ధరకూ, హైదరాబాద్ కిరాణా కొట్టు ధరకూ తేడా ఎక్కడెక్కడ చేరుతుందో ఆర్థికశాస్త్రం విద్యార్థి ఒక్క రోజులో లెక్క కట్టవచ్చు.

కంది పుట్టింది మన దేశంలోనే. ఆఫ్రికా చేరి, అక్కడి నుంచి బానిసల ఓడల వెంట అమెరికా ఖండాలకు వెళ్లింది. బ్రెజిల్‌లో దాని పేరు గ్వాండు. అక్కడ భూసారం పెంచడానికి, పశువుల మేతకు కూడా వేస్తారు. బ్రెజిల్ చదువుకు వెళ్లిన తాండూరు పిల్లవాడికి ఎక్కడో పొలం గట్టున పసుపు పూల కంది కనిపిస్తే, దాని కథ అక్కడి తోటి విద్యార్థులకు చెప్పగలిగేంత తెలిసి ఉండాలి.

ఓరో ప్రెటో చేసిన పని

బ్రెజిల్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. మినాస్ జెరైస్ రాష్ట్రంలో ఓరో ప్రెటో అనే కొండ ఊరు. పద్దెనిమిదో శతాబ్దంలో బంగారు గనులతో వెలిగింది. గనులు వట్టిపోయాయి. 1897లో రాష్ట్ర రాజధాని హోదా కూడా సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెలో హొరిజొంటెకు వెళ్లిపోయింది. ఊరు పాడుబడాల్సిందే. నిలబెట్టిన వాటిలో ముఖ్యమైనది చదువు. 1876లోనే రెండో పెడ్రో చక్రవర్తి ఫ్రెంచి శాస్త్రవేత్త గోర్సే చేత అక్కడ గనుల కళాశాల పెట్టించాడు. గనులున్న చోటే గనుల చదువు. 1969లో అది ఫెడరల్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. 1980లో ఊరు యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నేటికీ ఆ ఊరి వీధులు విద్యార్థులతో కళకళలాడుతుంటాయి.

సావ్ పాలో రాష్ట్రంలోని పిరసికాబది ఇంకో దారి. చెరుకు పండే ఆ ఊళ్లో లూయిజ్ డి కెయిరోజ్ అనే భూస్వామి 1892లో తన తోటను వ్యవసాయ పాఠశాల కోసం ప్రభుత్వానికి రాసిచ్చాడు. పాఠశాల 1901లో తెరుచుకునేనాటికి ఆయన లేడు. ఇప్పుడది దక్షిణ అమెరికాలో పేరున్న వ్యవసాయ కళాశాల.

తాండూరు హైదరాబాద్‌కు సుమారు 110 కిలోమీటర్లు. కింద రాయి ఉంది, పైన పంట ఉంది, మధ్యలో 150 ఏళ్ల రైలు ఉంది. రాతి బురదను ఇటుకకో, రోడ్డుకో పనికొచ్చేలా చేయడం ఎలా, వదిలేసిన గుంతలను చెరువులుగా మార్చడం ఎలా, టైల్స్ ముందు నాపరాయిని నిలబెట్టే కొత్త డిజైన్లేమిటి, కూలీ ఊపిరితిత్తులను కాపాడే పద్ధతులేమిటి, కందికి గుర్తింపు వచ్చాక రైతు చేతిలో అదనంగా పడిందెంత? ఈ ప్రశ్నలకు జవాబులు తాండూరులోనే వెతకాలి. వెతికేవాళ్లు తాండూరు, బషీరాబాద్, యాలాల పిల్లలే అయితే ఇంకా మేలు.

దీనికి పెద్ద భవనం కోసం ఎదురుచూడనక్కర్లేదు. హైదరాబాద్ కాలేజీలు ఏటా ఒక్కో బ్యాచ్‌ను రెండు రోజులు ఇక్కడికి పంపవచ్చు. మొదటి రోజు అనంతగిరి, శానిటోరియం, ఊటలు. రెండో రోజు గని, పప్పు మిల్లు, పరిశోధన స్థానం. వికారాబాద్, తాండూరు డిగ్రీ విద్యార్థులు వాళ్లకు దారి చూపే గురువులవుతారు. వచ్చినవాళ్లు రాసిన నివేదికలు ఇక్కడి గ్రంథాలయాల్లో ఉండాలి, ఏడాదికేడాది పేరుకోవాలి. పదేళ్లలో ఈ రెండు ఊళ్ల గురించి బయటివాళ్లెవరికీ లేనంత జ్ఞానం ఈ ఊళ్ల దగ్గరే ఉంటుంది. పొద్దుటి రైలు పిల్లల్ని హైదరాబాద్‌కు తీసుకెళ్లినట్టే, ఎదురు రైలు హైదరాబాద్ పిల్లల్ని తాండూరుకు తేవాలి. తేగలిగినంత సరుకు ఇక్కడుంది.

వెళ్లాలనుకుంటే

దారి: సికింద్రాబాద్, లింగంపల్లి నుంచి వాడి వైపు వెళ్లే రైళ్లలో చాలావాటికి వికారాబాద్, తాండూరు రెండింటిలోనూ ఆగే వీలుంది. రోడ్డు మీద వికారాబాద్ హైదరాబాద్‌కు సుమారు 75 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులున్నాయి.

కాలం: అనంతగిరి ఊటలు, మూసీ పాయలు చూడాలంటే ఆగస్టు నుంచి అక్టోబర్. ధారూర్ జాతర నవంబర్‌లో. కంది పూత, కాయ, మార్కెట్ యార్డు చూడాలంటే నవంబర్ నుంచి జనవరి.

ఎవరికి ఏది: భూగోళం, భూగర్భశాస్త్రం వాళ్లకు అనంతగిరి, తాండూరు గనులు. వైద్యం వాళ్లకు క్షయ ఆసుపత్రి. వ్యవసాయం, ఆర్థికశాస్త్రం వాళ్లకు పరిశోధన స్థానం, యార్డు, మిల్లులు. చరిత్ర, భాషల వాళ్లకు భద్రేశ్వరుడి గుడి, మల్ఖేడ్.

జాగ్రత్తలు: గనుల్లోకి, ఫ్యాక్టరీల్లోకి, ఆసుపత్రిలోకి కాలేజీ తరఫున ముందే అనుమతి తీసుకోవాలి. నీళ్లు నిలిచిన గని గుంతల్లో దిగొద్దు, అంచులు విరిగిపడతాయి. దామగుండం వైపు వెళ్లేముందు ఎక్కడిదాకా వెళ్లనిస్తారో అడగండి. కొండ మీదికి తీసుకెళ్లిన ప్లాస్టిక్ అంతా తిరిగి కిందికి తీసుకురండి.